హెవీ మెటల్ సంగీతము - చిరకాల స్నేహములు

ఇద్దరు మనుష్యులు ఏబది అరువది ఏండ్లపాటు చెలికాండ్రుగా నిలిచియుండుట ఎట్లు సాధ్యమగును? ఒకే వీధిలో పుట్టుటవలన అని కొందరు చెప్పుదురు. ఒకే బడిలో చదువుటవలన అని మరికొందరు చెప్పుదురు. కాని వీధులు మారును, బడి చదువు ముగియును, ఉద్యోగములు వచ్చును, సంసారములు ఏర్పడును. ఒకే కంచమున తిని ఒకే మంచమున పరుండినవారు సైతము పదేండ్ల పిమ్మట కలిసికొన్నప్పుడు, కుశలప్రశ్నలు ముగియగానే తరువాతి మాటకొరకు తడుముకొనుట మనము చూచుచున్నదే. అట్టి తడుములాట ఎరుగని స్నేహములును కలవు. వానిని కొంచెము పరికించినచో, ఇద్దరికిని సమానముగా ప్రియమైన మూడవ వస్తువొకటి వారి నడుమ కనబడును. అది చదరంగము కావచ్చును, పద్యము కావచ్చును, ఒక విద్వాంసుని గానము కావచ్చును. ఈ వ్యాసమున మేము ప్రస్తావింపబోవు స్నేహములకు ఆధారమైన వస్తువు హెవీ మెటల్ అను సంగీతము.

ఈ పేరు వినగానే ఇంటి పెద్దలు కొందరు నొసలు చిట్లింతురని మేమెరుగుదుము. ప్రక్కగదిలో కుమారుడో మనుమరాలో ఆ పాట పెట్టినప్పుడు కిటికీ అద్దములు అదరుట, మోత ఆపుమని పెద్దలు కేకవేయుట, లోపలివారు తలుపు మూసికొనుట ఎన్నియో ఇండ్లలో జరుగుచున్నవి. ఆ మోతయందు అభిరుచి లేకుండుట దోషము కాదు. కాని పిల్లవాడు తన స్నేహితునితో కూడి ఏమి వినుచున్నాడో, అది ఎక్కడ పుట్టినదో, ఎందులకై అంత బిగ్గరగా పలుకుచున్నదో తెలియకుండ తలుపు మూయించినచో, ఆగిపోవునది సంగీతమొక్కటే కాదు. ఆ పిల్లవానికిని మనకును నడుమ నడువవలసిన మాట కూడ ఆగిపోవును. అందుచేత ఆ సంగీతపు పుట్టుకను, నిర్మాణమును, అది కట్టి నిలిపిన స్నేహములను వరుసగా వివరింతుము.

ఇంగ్లండు నడిబొడ్డున బర్మింగ్‌హామ్ అను పారిశ్రామిక నగరము కలదు. అందు ఆస్టన్ అనునది కార్మికుల పేట. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మను విమానములు బాంబులు వేయగా కూలిన ఇండ్ల శిథిలములు, యుద్ధము ముగిసిన పెక్కేండ్లకును అచ్చట మిగిలియుండెను. 1948, 1949 సంవత్సరములలో జన్మించిన నలుగురు బాలురు ఈ నగరమున పెరిగిరి. టోనీ అయోమీ ఇటలీనుండి వచ్చి స్థిరపడిన వంశమునకు చెందినవాడు. గీజర్ అను ముద్దుపేరు గల టెరెన్స్ బట్లర్ ఐర్లండు కుటుంబమున ఏడవ సంతానము. మూడవవాడు బిల్ వార్డు. నాలుగవవాడు ఓజీ అని అందరును పిలిచిన జాన్ ఆస్బోర్న్. ఓజీ తండ్రి రాత్రివేళ కర్మాగారమున పనిముట్లు చేయువాడు. తల్లియు కర్మాగారమున పనిచేసినదే. ఇంట ఆరుగురు పిల్లలు. ఇట్టి బాలురకు బడి ముగిసిన పిదప ఎదుట నుండు దారి సాధారణముగా ఒక్కటే. అది కర్మాగారపు ద్వారమునకు పోవుదారి.

1963వ సంవత్సరమున పదునాలుగేండ్ల ఓజీ వీధిలో నడచుచు, చేతిలోని ట్రాన్సిస్టరు రేడియోలో బీటిల్స్ బృందము పాట యొకటి వినెను. ఆ క్షణముననే తాను గాయకుడు కావలెనని నిశ్చయించుకొంటినని ఆయన జీవితాంతము చెప్పుకొనుచుండెను. రేడియో గల గృహములవారికి ఈ సంగతి ప్రీతి గూర్చునని తలంతుము. కాని నిశ్చయమునకును జీవనమునకును నడుమ దూరము చాల కలదు. పదునైదవ యేట అతడు బడి మానెను. కూలిపని చేసెను, ప్లంబరు పని నేర్వజూచెను, పశువధశాలలో పనిచేసెను. ఒక కర్మాగారమున మోటారుకార్ల హారనులకు శ్రుతి సరిచూచు పనియు చేసెను. దొంగతనమున పట్టువడి జరిమానా విధింపబడగా, బుద్ధి రావలెనని తండ్రి ఆ సొమ్ము కట్టుటకు నిరాకరించెను. కుమారుడు కొన్ని వారములు చెరసాలలో గడపెను. ఆ తండ్రియే తరువాత అప్పుచేసి కుమారునకు మైకు సామగ్రి కొనిపెట్టెను. ఆ సామగ్రి బలముతో, సొంత మైకు గల గాయకుడొకడు పని కోరుచున్నాడని ఓజీ ఒక సంగీతవాద్యముల దుకాణమున ప్రకటన అంటించెను.

ఇక టోనీ అయోమీ కథ వినదగినది. అతడు ఎడమచేతి వాటము గలవాడు. గిటారు తీగలను ఎడమచేత మీటుచు, కుడిచేతి వ్రేళ్లతో మెట్లపై నొక్కువాడు. పదునేడవ యేట ఒక రేకుల కర్మాగారమున పనిచేయుచు, సంగీత బృందముతో విదేశమునకు పోవు అవకాశము రాగా పని మానుటకు నిశ్చయించెను. ఆనాడే కడపటి దినము. మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి, ఇక తిరిగి పోనని అనగా, ఒప్పుకొన్న పని ముగించి రావలెనని తల్లి పంపెను. ఆనాడు ప్రెస్సు యంత్రమువద్ద పనిచేయువారు రాకపోవుటచే, ఆ యంత్రము అలవాటులేని అతనిని అచ్చట నిలిపిరి. యంత్రము క్రిందికి దిగి, కుడిచేతి నడిమివ్రేలి కొనను, ఉంగరపువ్రేలి కొనను నలిపి తెంచివేసెను. ఇక గిటారు వాయింపజాలవని వైద్యులు చెప్పిరి.

అప్పుడు కర్మాగారపు పై అధికారి ఒకడు పరామర్శకు వచ్చి ఒక గ్రామఫోను రికార్డు ఇచ్చి వినుమనెను. అది జాంగో రైన్‌హార్ట్ అను ప్రసిద్ధ గిటారు విద్వాంసునిది. 1928లో తన బండి యిల్లు అగ్నికి ఆహుతి కాగా, జాంగో ఎడమచేతి రెండు వ్రేళ్లు పనికిరాకుండ పోయెను. మిగిలిన వ్రేళ్లతోనే ఆయన యూరప్ అంతయు మెచ్చిన వాద్యగాడయ్యెను. ఈ మాట విని టోనీకి ధైర్యము కలిగెను. గిన్నెలు తోము ద్రవము వచ్చు ప్లాస్టిక్కు సీసాను కరగించి, వ్రేలికొనలకు సరిపోవు తొడుగులు చేసికొనెను. అవి తీగపై జారకుండుటకు పాత తోలుకోటు ముక్కలను అంటించెను. గిటారునకు వాడు తీగలు గట్టివగుటచే వ్రేళ్లకు బాధ కలిగెడిది. అందువలన సన్నని బాంజో తీగలు తెచ్చి బిగించెను. కొన్నేండ్లకు, తీగల బిగువు ఇంకను తగ్గుటకై శ్రుతినే మూడు స్వరస్థానములు క్రిందికి దించెను. వదులైన తీగ మోగునప్పుడు నాదము మంద్రమై, బరువై, నేల అదరినట్లుండెను. 1971లో వెలువడిన వారి మూడవ రికార్డులో ఈ నాదము స్పష్టముగ వినబడును. గాయపడిన చేతికి సుఖముకొరకు చేసిన ఉపాయము ఒక సంగీతశాఖకే గొంతుకగుట మిక్కిలి అరుదైన విషయము.

1968లో టోనీయు బిల్ వార్డును తమ పూర్వపు బృందము చెదరిపోగా, ఓజీ ప్రకటన చూచి అతని యింటి తలుపు తట్టిరి. ఓజీని చూడగానే టోనీ వెనుకంజ వేసెను. ఇద్దరును ఒకే బడివారు. టోనీ ఒక తరగతి పైవాడు. బడిలో వారికి పొసగెడిది కాదు. అనగా వీరిది ఒకే బడిలో చదివినందున కలిగిన స్నేహము కాదు. బడిలో కలువనివారిని సంగీతము కలిపినది. గీజర్ బట్లర్ కూడ చేరి నలుగురైరి. ఆ సంవత్సరాంతమున టోనీకి అప్పటికే పేరుగాంచిన జెత్రో టల్ బృందమున స్థానము లభించెను. అతడు పోయెను. కాని కొలది దినములకే ఆ కీర్తిని వదలి తన ఊరి మిత్రులవద్దకు తిరిగి వచ్చెను. వట్టిచేతులతో రాలేదు. పేరుగల బృందములు ఎంత క్రమముగా సాధన చేయునో చూచి వచ్చి, ఉదయము తొమ్మిది గంటలకే నలుగురును సాధనకు కూర్చుండవలెనని నియమము పెట్టెను. పేరు గల పరాయివారికంటె పేరులేని తనవారే మేలని ఇరువదేండ్ల ప్రాయమున చేసిన ఆ నిర్ణయముపైననే తరువాతి చరిత్ర అంతయు నిలిచియున్నది.

వారు సాధన చేయుచోటికి ఎదుట ఒక సినిమాశాల కలదు. భయంకర చిత్రములు చూచుటకు జనులు బారులు తీరి నిలుచుట వారు గమనించిరి. భయపడుటకు జనులు సొమ్ము చెల్లించుట వింత కాదా అని గీజర్ అనెను. 1963 నాటి అట్టి చిత్రము పేరే 1969లో వారి బృందమునకు పేరయ్యెను. అదియే బ్లాక్ సబాత్. అదే పేరుతో వారు కట్టిన పాట ఈ సంగీతమునకు మూలస్తంభమని చెప్పుదురు. దాని నిర్మాణమును మన సంగీతపు మాటలలో చెప్పినచో పాఠకులకు సులభముగ బోధపడును.

మొదట మంద్రమున ఒక స్వరము. దానిని షడ్జమనుకొందము. వెంటనే దానికి పైస్థాయి షడ్జము. అటుపిమ్మట క్రిందికి దిగి ప్రతి మధ్యమమున నిలిచి, అచ్చటనే కంపించును. అంతే. ఈ మూడే స్వరములు మెల్లగా, మరల మరల వచ్చుచుండును. షడ్జమునకును ప్రతి మధ్యమమునకును గల అంతరము పాశ్చాత్యులకు చిరకాలముగా కర్ణకఠోరమని పేరు పొందినది. సంగీతములోని సైతాను అని దానికి లాటినులో నొక పేరు కూడ కలదు. మనకో, కల్యాణియందును పంతువరాళియందును ప్రతి మధ్యమము ప్రాణప్రదము. మన 72 మేళకర్తలలో సగము, అనగా 36, ప్రతి మధ్యమ మేళములే. మరి ఆ స్వరము ఇక్కడ మధురమై, అక్కడ భీకరమగుట ఏల? కల్యాణిలో ఆ స్వరము ఒంటరిగా నుండదు. గాంధారమునుండి వచ్చి పంచమమున విశ్రమించును. బర్మింగ్‌హామ్ మిత్రులు దానికి ముందు వెనుకల నున్న మెట్లను తీసివేసిరి. పంచమము గుమ్మమువరకు వచ్చి, లోనికి పోక అచ్చటనే నిలిచిన అతిథివలె ఆ స్వరము మనలను కలతపెట్టును. భయము స్వరమున లేదు. దానిని ఒంటరిగా నిలుపుటలో నున్నది. గుస్తావ్ హోల్స్ట్ అను ఆంగ్ల స్వరకర్త గ్రహములపై రచించిన కృతులలో యుద్ధదేవతయగు కుజుని గూర్చిన భాగము గీజర్‌కు మిక్కిలి ఇష్టము. ఈ పాటకు ప్రేరణ అదియేనని వారు చెప్పియున్నారు.

ఇక ఆ గరగర ధ్వని సంగతి. రేడియోను దాని శక్తికి మించి బిగ్గరగా పెట్టినప్పుడు మాట పగిలి గరగరలాడుట మీ అనుభవమున నున్నదే. ఆంప్లిఫయరు తాను మోయగలిగినంతకంటె పెద్ద తరంగము వచ్చినప్పుడు, ఆ తరంగపు శిఖరములను కోసివేయును. నున్నని కొండవలె నుండవలసిన తరంగము బల్లవలె చదునగును. అట్లు కోయబడిన తరంగమున మూలస్వరముతోపాటు లేని అనుస్వరములు ఎన్నియో పుట్టును. మాటకు అది దోషము. గిటారునకు అదియే అలంకారమైనది. అయితే ఒక చిక్కు కలదు. ఇట్టి గరగరలో మూడు నాలుగు స్వరములను ఒక్కసారి మీటినచో నాదము కలగాపులగమగును. అందుచేత హెవీ మెటల్ వాద్యకారులు తరచుగా షడ్జ పంచమములను మాత్రమే జతగా మీటుదురు. ఆ రెండింటి కంపనముల నిష్పత్తి 2కు 3. ఆంప్లిఫయరులో అవి కలిసినప్పుడు వాని భేదమైన 1 కూడ పుట్టును. అది క్రిందిస్థాయి షడ్జము. ఎవరును మీటని మంద్రషడ్జము తనంతట తానే మ్రోగుటచే నాదము అంత గంభీరమగును. షడ్జ పంచమములే మన తంబురకును ఆధారము. కచేరీలో విద్వాంసుని వెనుక మెల్లగ మ్రోగు ఆ జతయే, వేరొక దేశమున, వేరొక మనఃస్థితిలో, ఉరుమువలె పలుకుచున్నదని గ్రహించినవారికి ఈ సంగీతము పూర్తిగా పరాయిదిగా తోచదు.

వారి మొదటి రికార్డు 1969 అక్టోబరులో దాదాపు పండ్రెండు గంటలలో, ఒకే దినమున ముద్రితమై, 1970 ఫిబ్రవరి 13న వెలువడెను. అదే సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన రెండవ రికార్డు ఇంగ్లండున ప్రథమస్థానము పొందెను. పాటల మాటలు ఎక్కువగా గీజర్‌వి. సైతానును కొలుచువారని కొందరు వీరిని నిందించిరి. నిజమునకు ఆ పాటలలో పెక్కు యుద్ధమును నడుపు పెద్దలను దూషించునవి, అణ్వస్త్రములకు వెరచునవి, మాదకద్రవ్యములవలన కలుగు వినాశమును చెప్పునవి. శిథిలములనడుమ పెరిగిన పిల్లలు పూవులను గూర్చి పాడలేదు. తాము చూచినదానిని గూర్చి పాడిరి. హెవీ మెటల్ అను పేరు మాత్రము కర్మాగారమునుండి వచ్చినది కాదు. 1968 నాటి ఒక పాటలో ఆ మాట మోటారుసైకిలు ధ్వనిని వర్ణించుటకు వచ్చినది. 1970 తరువాత పత్రికలవారు ఈ సంగీతమునకు దానిని పేరుగా స్థిరపరచిరి.

ఇంతవరకు చెప్పినది స్నేహము కలిసిన కథ. స్నేహమునకు పరీక్ష విడిపోవుటలో నున్నది. కీర్తియు ధనమును వచ్చినపుడు మద్యమును మాదకద్రవ్యములును వెంటవచ్చెను. నలుగురును చెడిరి; ఓజీ ఎక్కువగా చెడెను. 1979లో అతనిని బృందమునుండి తొలగింప నిశ్చయించిరి. ఆ మాట చెప్పు పని ఓజీకి మిక్కిలి ఆప్తుడైన బిల్ వార్డుపై పడెను. మరుసటి యేట వార్డు కూడ మద్యమునకు లోబడి, సంచారము నడుమనే విడిపోయెను. తరువాతి పద్దెనిమిదేండ్లలో నలుగురును ఒక వేదికపై కనబడినది ఒకటి రెండు సందర్భములలో మాత్రమే. వానిలో నొకటి 1985 జూలై 13న ఆఫ్రికా క్షామబాధితుల సహాయార్థము ఫిలడెల్ఫియాలో జరిగిన మహాకచేరీ. 1997 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లోనే నలుగురును కలిసి వాయించినప్పుడు, ఇక విడిపోరని అభిమానులు సంతసించిరి.

అట్లు జరుగలేదు. 2012 ఆరంభమున టోనీకి లింఫోమా అను కాన్సరు వ్యాధి బయటపడెను. చికిత్స పొందుచునే అతడు క్రొత్త రికార్డునకు బాణీలు కట్టెను. అదే సమయమున, తనకు ఇచ్చిన ఒప్పందపత్రము న్యాయముగ లేదని బిల్ వార్డు వేరుపడెను. 2013లో అతడు లేకయే రికార్డు వెలువడి, 1970 తరువాత మరల ఇంగ్లండున ప్రథమస్థానము పొందెను. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో వీడ్కోలు కచేరీ జరిగినప్పుడును వార్డు స్థానమున మరొకడు కూర్చుండెను. ఇరుపక్షముల నడుమ నిష్ఠురములు పత్రికలకెక్కెను. ఏబది యేండ్ల స్నేహము ఒక కాగితముపై సంతకమువద్ద ఆగిపోయినట్లు తోచెను. స్నేహితులనడుమ లెక్కలు వచ్చినచో ఏమగునో మన కుటుంబములలోను మనము చూచుచున్నాము. ఆ బాధను విడమరచి చెప్పవలసిన పనిలేదు.

ఓజీకి పార్కిన్సన్ వ్యాధి కలదని 2020 జనవరిలో వెల్లడి అయ్యెను. తరువాత వెన్నెముక బాధయు ముదిరి, నడువలేని స్థితి వచ్చెను. కడపటిసారి తన ఊరివారియెదుట పాడవలెనని అతడు కోరెను. 2025 జూన్ 28న బర్మింగ్‌హామ్ నగరము నలుగురికిని పౌరగౌరవము నిచ్చెను. జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానమున కచేరీ ఏర్పాటయ్యెను. ఓజీ పెరిగిన యిల్లు ఆ మైదానమునకు కూతవేటు దూరమున నున్నది. ఆటలు జరుగు దినములలో ప్రేక్షకుల కార్లకు కావలి కాచి చిల్లర సంపాదించిన బాలుడు, 76వ యేట ఆ మైదానము నడుమ ఉన్నతాసనముపై కూర్చుండి, లేవలేక కూర్చుండియే పాడెను. అతనికిరుప్రక్కల టోనీ, గీజర్. వెనుక డ్రమ్ములవద్ద బిల్ వార్డు. నలుగురును కలిసి వాయించుట ఇరువదేండ్లలో అదే మొదటిసారి. వారు కలిసి వాయించినవి నాలుగే పాటలు. కచేరీవలన వచ్చిన సొమ్ము పార్కిన్సన్ వ్యాధి పరిశోధనకును, పిల్లల ఆసుపత్రికిని, పిల్లల శుశ్రూషాలయమునకును ఉద్దేశింపబడెను. పదునేడు దినములకు, జూలై 22న ఓజీ మరణించెను.

ఒప్పందములు తీర్చలేని తగవును ఆ నాలుగు పాటలు తీర్చెనని మేమనము. మనుష్యుల మనస్సులలోని లెక్కలు మనకేమి తెలియును? కాని ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని తేలువరకు ఆగియుండినచో, కాలము మించిపోయెడిది. తగవుకంటె పెద్దదొకటి వారినడుమ ఉండుటచేత వారు ఆగలేదు. జూలై 30న ఓజీ అంతిమయాత్ర, బర్మింగ్‌హామ్‌లో ఆ బృందము పేరే పెట్టిన వంతెనవద్ద ఆగెను. అచ్చట 2019లో ఏర్పరచిన బల్లపై నలుగురి ముఖములును ప్రక్కప్రక్కనే ఉన్నవి. అభిమానులు దానిని పూలతో కప్పివేసిరి.

వాయించినవారి మాట ఇట్లుండగా, విన్నవారి స్నేహములును తక్కువవి కావు. ఆరంభకాలమున రేడియో కేంద్రములు ఈ సంగీతమునకు ఎక్కువ చోటు ఈయలేదు. బి. బి. సి. వారు 1978 నుండి 1993 వరకు శుక్రవారము రాత్రులు ప్రసారము చేసిన రాక్ సంగీత కార్యక్రమము వంటివి కొన్ని మాత్రమే యుండెను. సులభముగ దొరకని వస్తువునకు చేతులు మారుటయే మార్గము. ఒకనివద్ద రికార్డుండును, వేరొకనివద్ద టేపురికార్డరుండును. 1980 ప్రాంతముల యువకులు కాసెట్లలో పాటలెక్కించి, ఎన్నడును చూడని మిత్రులకు దేశదేశములకు టపాలో పంపుకొనెడివారు. 1981లో లాస్ ఏంజలీస్ నగరమున లార్స్ ఉల్రిక్ అను డెన్మార్కు యువకుడు, తనవలె ఇంగ్లండు మెటల్ బృందములను మెచ్చువారు కావలెనని పత్రికలో చిన్న ప్రకటన వేసెను. దానిని చూచి వచ్చినవాడు జేమ్స్ హెట్‌ఫీల్డ్. వారిద్దరును స్థాపించిన మెటాలికా బృందము నేటికిని సాగుచున్నది.

వాద్యము పట్టని మిత్రులు సైతము ఎంత సాధింపగలరో జర్మనీలోని వాకెన్ గ్రామము తెలుపును. ఉత్తర జర్మనీలో, పచ్చికబయళ్లనడుమ, దాదాపు రెండువేలమంది జనాభాగల పల్లె యది. థామస్ యెన్సెన్, హోల్గర్ హ్యూబ్నర్ అను ఇద్దరు స్థానిక యువకులు 1989లో తమ ఊరి మద్యశాలలో కూర్చుండి, తమకు ప్రియమైన సంగీతమునకు తమ ఊరిలోనే ఉత్సవము చేయవలెనని తలపోసిరి. 1990 ఆగస్టులో ఆరు స్థానిక బృందములతో తొలి ఉత్సవము జరిగెను. సుమారు 800 మంది వచ్చిరి. నేడు ఏటేటా దాదాపు 85,000 మంది ఆ పల్లెకు వచ్చుచున్నారు. వాన పడినచో పొలములన్నియు బురదయగును. అయినను పెక్కురు వెనుదిరుగరు. ఊరి అగ్నిమాపకదళమువారి బాకాబృందము ఉత్సవమున వాయించుట సంప్రదాయము. తలలు నెరసిన మిత్రులు తమ పిల్లలను వెంటబెట్టుకొని, ఏటికొకమారు కలిసికొనుటకు ఆ పొలములే సంకేతస్థలముగ చేసికొనినారు. మన తిరునాళ్లకు వచ్చు చుట్టములవలెనే వారును క్రిందటియేడు విడిచిన మాటను అందుకొని ముందుకు సాగుదురు.

ఇట్టి సంగీతము పిల్లలను క్రోధులుగ చేయదా అను శంక సహజము. 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఈ తరహా సంగీతము వినుటకు అలవాటుపడిన 39 మందిని పరీక్షించిరి. మొదట వారికి కోపము తెప్పించిరి. పిదప కొందరికి వారు మెచ్చిన పాటలు వినిపించిరి. కొందరిని నిశ్శబ్దముగ కూర్చుండబెట్టిరి. పాట విన్నవారి కోపము పెరుగలేదు. మౌనముగ నున్నవారివలెనే వారును కుదుటపడిరి. అంతేకాక ఉత్సాహము పొందిరి. అదే సంవత్సరము అమెరికాలో ప్రకటితమైన వేరొక పరిశీలన, 1980 దశకమున ఈ సంగీతమును ప్రేమించిన యువకులు నడివయస్సున ఎట్లున్నారని విచారించెను. యౌవనమున వారు సాహసములు, చెడుగులు చేసినమాట నిజము. అయినను తమ యీడువారితో పోల్చినచో, వారు ఆ వయస్సున సంతోషముగ నుండిరనియు, నడివయస్సున జీవితమునకు చక్కగ సర్దుకొనిరనియు తేలెను. ఒక గుంపున తమవంటివారు కలరను భరోసాయే వారిని కాచినదని పరిశోధకుల తలంపు. ఆ భరోసాకే మనము స్నేహమని పేరు పెట్టుకొన్నాము.

ఒక్క జాగ్రత్త మాత్రము తప్పక చెప్పవలెను. బిగ్గరధ్వని చెవికి హాని. 80 డెసిబెల్ ధ్వనిని వారమునకు 40 గంటలవరకు వినవచ్చుననియు, 90 డెసిబెల్ అయినచో 4 గంటలకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పది డెసిబెల్ పెరుగగానే వ్యవధి పదవవంతు అగుటను గమనింపుడు. చెవిలో పెట్టుకొను చిన్న యంత్రములతో వినువారు మరింత మెలకువతో నుండవలెను. ఏండ్ల తరబడి గొప్ప మోతనడుమ వాయించిన వాద్యకారులలో పెక్కురకు వినికిడి తగ్గిన సంగతి పిల్లలకు తెలుపుట మేలు. సంగీతమును ద్వేషించి చెప్పిన హితవుకంటె, ఆ సంగీతము అరువదేండ్ల ప్రాయమునను వినబడవలెనని కోరి చెప్పిన హితవు వారి మనస్సున నాటును.

పాఠకులకు మా మనవి చిన్నది. ఈ సంగీతమును మీరు మెచ్చవలెనని కోరము. అభిరుచులు ఒకరు చెప్పగా వచ్చునవి కావు. మీ యింటి పిల్లవాడు తన స్నేహితునితో కూర్చుండి వినుచున్నప్పుడు, ఒక్క పాటకు వారి ప్రక్కన కూర్చుండుడు. ఆ గిటారు ఎవరిదని అడుగుడు. ఏ స్వరమున నిలిచినదో మీకు తెలిసినచో వారికి చెప్పుడు. కల్యాణిలో అదే స్వరము ఎట్లుండునో పాడి వినిపింపుడు. వారు నవ్వవచ్చును, ఆశ్చర్యపడవచ్చును, మరియొక పాట పెట్టవచ్చును. ఆ ఇద్దరు పిల్లల స్నేహము ఏబది యేండ్లు నిలుచునో లేదో ఎవరును చెప్పలేరు. నిలిచినచో, మీరు ఆనాడు ప్రక్కన కూర్చుండిన సంగతి వారి మాటలలో నొకటిగ నిలిచిపోవును.